ఏ ఏకాంతం నీది?

చిరంజీవికి ఆశీస్సులు.

కథ అందింది. భీమిలిలో గది అద్దెకు తీసుకుని, ఫోను ఆపేసి కూర్చున్న నీ కథానాయకుణ్ణి ఒకచోట ‘రెక్లూస్’ అన్నావు, ఇంకొకచోట ‘హెర్మిట్’ అన్నావు, ముగింపుకు వచ్చేసరికి ‘క్లాయిస్టర్డ్ జీవితం’ అన్నావు. నిఘంటువులో మూడింటి పక్కనా ఏకాంతమే కనిపిస్తుంది కనుక ఏది వాడినా ఒకటే అనుకున్నావు కాబోలు.

రెక్లూస్ మనుషుల పొడ గిట్టక తలుపు వేసుకున్నవాడు. హెర్మిట్ దైవచింతన కోసం ఊరు విడిచి ఒంటరిగా పోయినవాడు. గ్రీకులో ఎడారిని చెప్పే మాటే దానికి మూలం. క్లాయిస్టర్ సంగతి వేరు. క్రైస్తవ మఠాల్లో నడిమి ముంగిలి చుట్టూ ఉండే కప్పు వేసిన నడవ అది. అక్కడ ఉండేవాడికి పక్క గదిలో తోడు ఉంటుంది. గంట మోగితే అందరూ ప్రార్థనకు లేవాలి. పైగా నేటి ఇంగ్లీషులో ‘క్లాయిస్టర్డ్’ అంటే తరచూ ఎత్తిపొడుపే, లోకం పోకడ ఎరగనివాడని. పదేళ్లు ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టులు చేసినవాడికి ఆ మాట ఎలా అతుకుతుంది?

ఈసారి భీమిలి వెళ్లేటప్పుడు దారిలో తొట్లకొండ ఎక్కు. నౌకాదళం విమానంలో సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధ విహారం అది. 1988 నుంచి 1993 వరకు తవ్వారు. రాతిలో తొలిచిన నీటి తొట్లు చూడు, కొండకు ఆ పేరు ఊరికే రాలేదు. రెండు వేల ఏళ్ల నాటి భిక్షువుల గదులు వరసగా ఉంటాయి, మనిషి నడుం వాల్చడానికి సరిపోయేంత. వాటికి దగ్గర్లోనే అందరూ కలిసి తినే భోజనశాల. ఎదురుగా సముద్రం. తవ్వకాల్లో రోమన్ నాణేలు కూడా దొరికాయి. సర్వం వదిలేసినవాళ్ల ముంగిట్లో రోము వెండి! వానాకాలం మూడు నెలలు ఒకచోట నిలవడం, తక్కిన రోజుల్లో తిరగడం, భిక్షకు ఊళ్లోకి దిగడం వాళ్ల నియమం. రచయితకు పనికొచ్చే ఏకాంతం నాకు తెలిసి ఇదొక్కటే.

అందుకే, ఉద్యోగం మానేసి నీ నాయకుడిలాగే గది చూసుకుంటానన్న నీ ఆలోచన నాకు నచ్చలేదు. పొద్దున్న రెండు గంటలు తలుపు వేసుకో, చాలు. ఆ తర్వాత విశాఖ పూర్ణా మార్కెట్‌లో బేరాలు విను, ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట విను. నీ కథలో రిక్షా అతనూ ప్రొఫెసరూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు.

అసలు సంగతి ఇంకొకటి. మన విక్టోరియా ఆసుపత్రిని జనం ఇప్పటికీ ఘోషా ఆసుపత్రి అనే అంటారు. ఘోషా అంటే పరదా. కోరి తెచ్చుకున్న ఏకాంతం కాదు అది, ఆడవాళ్ల మీద పడ్డది. నీ నాయకుడి తల్లి వంటింటి గడప దాటదని మూడు వాక్యాల్లో చెప్పి వదిలేశావు. అద్దె కట్టి మరీ ఒంటరితనం కొనుక్కున్న కొడుక్కి మాత్రం పద్నాలుగు పేజీలు! ఆమె రోజంతా ఎవరితో మాట్లాడుతుంది? కొడుకు గది ఖాళీ చేసి వెళ్లాక అతని మంచాన్ని ఏం చేసింది? నాకు ఆ కథ కావాలి. ఇంగ్లీషు మాటలు మూడూ కొట్టేసి, ఆమె దగ్గర మొదలుపెట్టి తిరగరాయి.

ఈసారి టైపు చేసి పంపు. చేతిరాత నా కళ్లకు ఆనడం లేదు.

ఇట్లు,
మీ మాస్టారు