చాప్టర్ 7 వేసేటప్పుడు నిరుద్యోగ భృతిని ఆదాయంగా చూపాలా?

మీవారి ఉద్యోగం పోయి రాష్ట్రం నుంచి నిరుద్యోగ భృతి వస్తోందని, క్రెడిట్ కార్డుల అప్పు తీర్చే దారి లేక చాప్టర్ 7 (అమెరికాలో అప్పులు రద్దు చేయమని కోరే దివాలా పిటిషన్) వేయాలనుకుంటున్నారని, ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛనును లెక్కించరు కాబట్టి ఈ భృతిని కూడా వదిలేయవచ్చా అని అడిగారు. వదిలేయకూడదు. కాగితాల మీద చూపడంలో రెండో మాట లేదు. చూపిన మొత్తాన్ని అర్హత లెక్కలో కలుపుతారా లేదా అన్నది మాత్రం వేరే ప్రశ్న, దాని మీద కోర్టులే ఒక్క మాట మీద లేవు. నేను లాయరును కాను. ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో ఉండగా 2023లో నేనూ మా ఆవిడా కలిసి చాప్టర్ 7 వేశాము, అప్పుడు నాకు భృతి వస్తూ ఉండేది. ఆ అనుభవం మేరకు రాస్తున్నాను.

దివాలా కాగితాల్లో ఆదాయం గురించి ముఖ్యంగా రెండు చోట్ల, రెండు వేర్వేరు ఉద్దేశాలతో అడుగుతారు. 122ఏ-1 అనే ఫారం వెనక్కి చూస్తుంది: పిటిషన్ వేసిన నెలకు ముందు నెల ఆఖరి రోజుతో ముగిసే ఆరు నెలల్లో మీ ఇంటికి వచ్చినదంతా కలిపి, ఆరుతో భాగించి, దాన్ని పన్నెండుతో హెచ్చవేసి, మీ రాష్ట్రంలో అంతమంది ఉన్న కుటుంబపు మీడియన్ (మధ్యస్థ) ఆదాయంతో పోలుస్తారు. మీన్స్ టెస్ట్ అని అందరూ అనే అర్హత పరీక్ష దీనితోనే మొదలవుతుంది. షెడ్యూల్ ఐ అనే రెండో ఫారం మాత్రం ఈరోజు మీ చేతికి నెలకు ఎంత వస్తోందని అడుగుతుంది. ఇవి కాక ఈ ఏడాదిదీ, అంతకుముందు రెండేళ్లదీ ఆదాయం రాయవలసిన మరో ఫారం ఉంది, అందులోనూ భృతి రాయాలి. మీరు విన్న సోషల్ సెక్యూరిటీ మినహాయింపు మొదటి ఫారానికి సంబంధించినది మాత్రమే.

వివాదం అక్కడే పుట్టింది. 2005లో దివాలా చట్టాన్ని సవరించినప్పుడు, సోషల్ సెక్యూరిటీ చట్టం కింద పొందిన ప్రయోజనాలను ఈ ఆరు నెలల లెక్కలో కలపనక్కర్లేదని రాశారు. నిరుద్యోగ భృతి ఏర్పాటుకు పునాది పడింది కూడా 1935 నాటి ఆ చట్టంలోనే. దాని నిర్వహణ ఖర్చుకు కేంద్రం రాష్ట్రాలకు గ్రాంట్లు ఇచ్చేది ఆ చట్టం ప్రకారమే. కాబట్టి ఇదీ ఆ చట్టం కింద వచ్చే ప్రయోజనమేనని, కలపనక్కర్లేదని 2007లో మసాచుసెట్స్‌లోనూ, దక్షిణ ఒహాయోలోనూ దివాలా కోర్టులు చెప్పాయి. మనకు చెక్కు ఇచ్చేది రాష్ట్రం, రాష్ట్ర చట్టం ప్రకారం, యజమానుల దగ్గర వసూలు చేసిన పన్నులోంచి ఇస్తుంది కాబట్టి కలపవలసిందేనని 2008లో మిడిల్ పెన్సిల్వేనియా, 2009లో సెంట్రల్ ఇల్లినాయ్, 2010లో మిడిల్ అలబామా కోర్టులు చెప్పాయి. నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది గానీ, మీకు పనికివచ్చేది నా అభిప్రాయం కాదు, మీ ప్రాంతపు దివాలా కోర్టు అభిప్రాయం.

ఈ గొడవ ఫారంలోనే కనిపిస్తుంది. 122ఏ-1లో 8వ లైను ప్రత్యేకంగా నిరుద్యోగ భృతిది. అది సోషల్ సెక్యూరిటీ చట్టం కింద వచ్చిన ప్రయోజనమని మీరు వాదించదలిస్తే మొత్తాన్ని కుడివైపు కాలమ్‌లో వేయకుండా, కింద విడిగా ఇచ్చిన ఖాళీలో రాయమని అక్కడే సూచన ఉంటుంది. అంటే కలపకూడదనుకున్న వాళ్లు కూడా అంకె రాసే తీరాలి, అది కూడికలోకి రాదంతే. బ్లూమింగ్టన్ సెంట్రల్ ఇల్లినాయ్ పరిధిలోనిదే కాబట్టి మా లాయరు నా భృతిని నేరుగా కాలమ్‌లోనే వేశారు. అలా కలిపినా మేము మీడియన్ కంటే కిందనే ఉన్నాము. గెలవనవసరం లేని వాదన కోసం ట్రస్టీ (దివాలా కేసును పరిశీలించే అధికారి) దృష్టిని మన వైపు తిప్పుకోవడం ఎందుకని ఆయన అన్న మాట నాకు నచ్చింది.

నిజానికి భృతిని కలుపుతారా లేదా అన్నదానికంటే ఎప్పుడు వేస్తారన్నది చాలామందికి ఎక్కువ తేడా చేస్తుంది. నెలకు 9,000 డాలర్ల జీతం ఉన్నవారికి మార్చి 31న ఉద్యోగం పోయి, ఏప్రిల్ నుంచి నెలకు 2,200 డాలర్ల భృతి వస్తోందనుకుందాం. మే నెలలో వేస్తే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా చూస్తారు. అందులో ఐదు నెలల జీతం, ఒక్క నెల భృతి కలిపి 47,200 అవుతుంది, ఏడాది లెక్కకు మారిస్తే 94,400. అందులో భృతి వాటా 4,400 మాత్రమే, మిగతాదంతా ఇప్పుడు రాని జీతం. అదే అక్టోబరులో వేస్తే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా భృతి ఒక్కటే ఉంటుంది, ఏడాదికి 26,400. ఇల్లినాయ్‌లో ఏ కుటుంబానికైనా అది మీడియన్‌కు చాలా దిగువ. కలపాలా వద్దా అన్న పేచీ నిజంగా అవసరమయ్యేది భార్యాభర్తల్లో రెండోవారి జీతం వల్ల మొత్తం సరిగ్గా మీడియన్ గీత దగ్గరికి వచ్చినప్పుడే. గీత దాటినా తలుపు మూసుకుపోదు, 122ఏ-2 ఫారంలో ఖర్చులు తీసివేసే రెండో లెక్క ఉంటుంది. కానీ అది పొడవైనది, లాయరు ఫీజు కూడా పెరుగుతుంది. ఆగడం మీ చేతిలో లేకపోవచ్చు కూడా. ఎవరైనా అప్పులవాళ్లు దావా గెలిచి బ్యాంకు ఖాతా మీదికి వస్తుంటే ఈ లెక్కలు పక్కన పెట్టవలసిందే. ఆగుతున్న కాలంలో కార్డులు గీకడం మాత్రం అస్సలు వద్దు.

ఆ ఆరు నెలల్లో ఏవి పడతాయో జాగ్రత్తగా చూసుకోండి. ఉద్యోగం తీసేస్తూ కంపెనీ ఇచ్చిన సెవెరెన్స్, వాడని సెలవులకు ఇచ్చిన డబ్బు ఏ నెలలో చేతికి వస్తే ఆ నెల ఆదాయమే. భృతిలో పన్ను పట్టుకోమని చెప్పి ఉంటే, ఖాతాలో పడిన మొత్తం కాకుండా పట్టుకోకముందు మొత్తం రాయాలి. మనవాళ్లకు సాధారణంగా తట్టని విషయం ఇంకొకటి ఉంది: ఉద్యోగం పోయిందని తెలిసి మీ నాన్నగారో మామగారో ఇండియా నుంచి నెలనెలా ఇంటి ఖర్చులకు డబ్బు పంపుతుంటే, క్రమం తప్పకుండా వచ్చే ఆ సాయం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. మన ఊళ్లలో ఐపీ పెట్టాడంటే పరువు పోయినట్టే చూస్తారు కాబట్టి ఇంటి నుంచి వచ్చే సాయాన్ని కాగితం ఎక్కించడానికి మొహమాటపడతాం. బ్యాంకు స్టేట్‌మెంట్లలో అది ఎలాగూ కనిపిస్తుంది.

షెడ్యూల్ ఐలో 8డి లైనులో భృతిని రాయడం మీద ఏ కోర్టులోనూ పేచీ లేదు. అదే ఫారం చివర 13వ లైను, రాబోయే ఏడాదిలో ఆదాయం పెరుగుతుందా తగ్గుతుందా అని అడుగుతుంది. ఇల్లినాయ్‌లో మామూలు భృతి గరిష్ఠంగా 26 వారాలే కాబట్టి అది ఎప్పుడు ఆగిపోతుందో మేము అక్కడ స్పష్టంగా రాశాము. పిటిషన్ వేశాక ట్రస్టీ ప్రశ్నలడిగే 341 మీటింగ్‌లో ఆయన నన్ను ఆదాయం గురించి అడిగింది దాదాపు ఇదే: ఇంకా వస్తోందా, ఎప్పటిదాకా వస్తుంది, ఉద్యోగం ఏదైనా ఖాయమైందా. మీవారికి ఆఫర్ లెటర్ వచ్చి ఉంటే ఆ సంగతి కూడా అదే లైనులో రాయాలి. ఒకవేళ చాప్టర్ 13 (ఆదాయంలోంచి కొన్నేళ్లపాటు వాయిదాల్లో అప్పు కట్టే దివాలా పద్ధతి) వైపు వెళ్లవలసి వస్తే, తప్పకుండా జరగబోయే మార్పులను కోర్టు పరిగణించవచ్చని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది కనుక ఈ వివరం అక్కడ ఇంకా ఎక్కువ పనికివస్తుంది.

ఆదాయంగా లెక్కించడమంటే ఆ డబ్బు తీసేసుకుంటారని కాదు. ఇల్లినాయ్ మినహాయింపుల చట్టం నిరుద్యోగ భృతిని అప్పులవాళ్లకు అందకుండా కాపాడుతుంది, కేంద్ర మినహాయింపుల జాబితాలోనూ అది ఉంది. మీ రాష్ట్రంలో ఏ జాబితా వర్తిస్తుందో లాయరును అడగండి, అడిగేటప్పుడే మీ జిల్లాలో 8వ లైనును ట్రస్టీలు ఎలా చూస్తున్నారో కూడా తెలుసుకోండి. కరోనా కాలపు భృతిని లెక్కించనక్కర్లేదని 2020, 2021 ప్రాంతంలో ఎవరో రాసినవి మీ కంట పడితే వాటిని నమ్ముకోకండి. కోవిడ్ సహాయ చెల్లింపులకు ఇచ్చిన ఆ తాత్కాలిక మినహాయింపు 2022 మార్చితో ముగిసింది.