మెర్కెల్ ఫోన్, జర్మన్ల కోపం

ప్రశ్న: అమెరికా తన మిత్రదేశాల మీద కూడా నిఘా పెట్టిందని 2013లో, అమెరికా నిఘా సంస్థ రహస్యాలను బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ పత్రాల వల్ల తెలిసింది. దేశాలు ఒకదానిపై ఒకటి వేగు నడపడం కొత్తేమీ కాదు కదా, జర్మన్లు అంతగా ఎందుకు మండిపడ్డారు? మన దేశంలో ఆ అలజడి ఎందుకు లేదు?
— ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: రాజ్యాలు ఉన్నప్పటి నుంచీ వేగులవాళ్లూ ఉన్నారు, నిజమే. అయితే 1990 దాకా విడి కమ్యూనిస్టు దేశంగా ఉన్న తూర్పు జర్మనీలో స్టాసీ అనే రహస్య పోలీసు సంస్థ ఇరుగుపొరుగు చేత, కొన్ని ఇళ్లలో కట్టుకున్నవారి చేత కూడా కబుర్లు మోయించుకుని, లక్షల మంది పేర ఫైళ్లు కట్టిన కాలాన్ని స్వయంగా చూసినవాళ్లు 2013 నాటికి ఇంకా నడివయసులోనే ఉన్నారు. అప్పటి ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) ఆంగెలా మెర్కెల్ సైతం అక్కడ పెరిగినవారే.

ఆ కోపానికి వెటకారమూ తోడైంది. డార్మ్‌స్టాట్ దగ్గర గ్రీస్‌హైమ్‌లో అమెరికా నిఘా కేంద్రం ఉండేది. అక్కడి గూఢచారులను అడవి జంతువుల్లా దూరం నుంచి చూసి వద్దాం రండని ఒక యువకుడు ఆ జులైలో ఫేస్‌బుక్‌లో సరదాగా పిలుపునిస్తే, పోలీసులు అతని ఇంటికే వచ్చి ఆరా తీశారు. ఆ సంగతి పాకడంతో, ఊరికే పోవలసిన వేళాకోళానికి పదుల మంది కదిలి వచ్చారు.

తమ ప్రభుత్వంపైనే జర్మన్లకు కలిగిన ఆగ్రహానికి మరో కారణం ఉంది, నా దృష్టిలో అదే అసలైనది. సామాన్యుల సమాచారం సేకరిస్తున్నారని జూన్‌లో బయటపడితే, ఆగస్టుకల్లా ఆ ఆరోపణలకు తెరపడిందని ఛాన్సలర్ కార్యాలయ అధిపతి రోనాల్డ్ పొఫాల్లా ప్రకటించారు. అక్టోబరులో మెర్కెల్ ఫోన్ మీదే నిఘా ఉందన్న వార్త వచ్చాక గానీ, మిత్రుల మధ్య గూఢచర్యం ఏమాత్రం తగదన్న మాట ఆమె నోట గట్టిగా రాలేదు. ఫోన్ వ్యవహారంపై ఫెడరల్ ప్రాసిక్యూటర్ మొదలుపెట్టిన దర్యాప్తు, కోర్టులో నిలిచే సాక్ష్యం లేదంటూ 2015లో మూతపడింది. జర్మనీ గూఢచారి సంస్థ కూడా మిత్రదేశాలపై నిఘా వేసిందని అదే ఏడాది వెల్లడి కావడంతో, బెర్లిన్ పెద్దరికం కాస్త పలుచనైంది.

ఇక మన సంగతి. అమెరికా చేసింది నిజానికి నిఘా కాదని, కాల్స్, ఈమెయిళ్ల తీరును కంప్యూటర్లు విశ్లేషించడమేనని అప్పటి విదేశాంగ మంత్రి సల్మాన్ ఖుర్షీద్ 2013 జులైలో తేలిగ్గా తీసుకున్నారు. ప్రభుత్వమే సర్ది చెబుతున్నప్పుడు జనం వీధికెక్కడం మన దగ్గర అరుదు. మరుసటి ఏడాది భారతీయ జనతా పార్టీ పేరు కూడా ఆ పత్రాల్లో కనిపించింది. అప్పటికి ఆ పార్టీయే అధికారంలో ఉంది. ఢిల్లీలోని అమెరికా దౌత్యవేత్తను పిలిపించి సంజాయిషీ అడిగారు.