మా అమ్మాయి గొంతు కొంటామంటున్నారు, ఇవ్వవచ్చా?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది ఆమదాలవలస. మా గుంట ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఏడేళ్ళుగా సంగీతం నేర్చుకుంటోంది. మూడు నెలలుగా రాత్రిపూట తలుపు వేసుకుని ‘క కి కు కె’ అంటూ ఒకసారి మెత్తగా, ఒకసారి గట్టిగా, ఒకసారి గుసగుసగా ఫోన్‌లో రికార్డు చేస్తోంది. కంప్యూటర్ చేత పాటలు పాడించే సాఫ్ట్‌వేర్ కోసమట. ఈమధ్య ఆన్‌లైన్‌లో ఎవరో ఆ రికార్డింగులన్నీ ఇచ్చేస్తే ఇరవై వేలు ఇస్తామన్నారట. ఇంజనీరింగ్ వద్దు, ఇదే చేస్తానంటోంది. గొంతు పోతుందేమోనని ఒక టెన్షన్, చదువు పోతుందేమోనని ఇంకొకటి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా ఆ ఇరవై వేల కాగితం మీద ఎవరూ సంతకం పెట్టకండి. ఎందుకో తర్వాత చెప్తాను. గదిలో మీ అమ్మాయి ఏం చేస్తోందో మీకు తెలియాలి. అది పిచ్చిపని కాదు.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఒక మనిషి పలికిన చిన్న చిన్న శబ్దాలను తీసుకుని, మనం ఇచ్చిన స్వరానికి సాగదీసి, ఒకదానికొకటి అతికించి పాట చేస్తుంది. యమహా వాళ్ళ వోకలాయిడ్‌తో 2004లో ఇది మార్కెట్లోకి వచ్చింది. 2007లో జపాన్‌లో హత్సునే మికు అనే గొంతు విడుదలయ్యాక ప్రపంచమంతా తెలిసింది. ఆ గొంతు సాకి ఫుజితా అనే డబ్బింగ్ నటిది. 2010లో ఆమె చేతనే మళ్ళీ ఆరు ధోరణుల్లో పలికించి, మెత్తనిది, తీయనిది, దిగులుగా ఉన్నది అంటూ విడివిడిగా ఇచ్చారు. గట్టిగా పలికిన శబ్దానికి వాల్యూమ్ తగ్గిస్తే అది మెత్తనిది అయిపోదు కదా. మెత్తగా పలికినప్పుడు గొంతులో గాలి ఎక్కువ కలుస్తుంది, శబ్దం పుట్టే తీరే మారుతుంది. అందుకే మీ అమ్మాయి ఒకే అక్షరాన్ని మూడు రకాలుగా పలుకుతోంది.

మీరు విన్న ‘క కి కు కె’ మన గుణింతమే. జపాన్ భాషకు అచ్చులు ఐదే. ఏయే శబ్దాలు పలకాలో చెప్పే జాబితా ఒకటి ఉంటుంది, అక్కడి నుంచి వచ్చిన జాబితా పట్టుకుని తెలుగు పాడిస్తే ట, త తేడా ఉండదు, ళ ల అవుతుంది. దీర్ఘం అంటే హ్రస్వాన్ని సాగదీయడమే అనుకుంటాం. కానీ ‘అ’ని ఎంత సాగదీసినా ‘ఆ’ అవ్వదు, నోరు తెరిచే తీరే వేరు. ‘వచ్చాడు’లో ‘చ్చా’ను మనం మాట్లాడేటప్పుడు పలికే శబ్దానికి వర్ణమాలలో అక్షరమే లేదు. తన జాబితాలో ఇలాంటివి ఉన్నాయో లేదో అడగండి. తనంతట తానే ఇవి పట్టుకుని ఉంటే ఆ పిల్ల చెవి మామూలు చెవి కాదు. నేను ఈ ఉత్తరంలో చెప్పదలచుకున్నదల్లా ఆ చెవి గురించే.

పనిలో మెళకువలు తనకు చదివి వినిపించండి. ఏ ధోరణిలో పలికినా శ్రుతి మారకూడదు, తంబురా యాప్ ఇయర్‌ఫోన్‌లో పెట్టుకోవాలి. ఫోన్‌కీ నోటికీ దూరం మారకూడదు. మెత్తగా పలికేటప్పుడు దగ్గరికి జరిగితే వచ్చేది మెత్తన కాదు, దగ్గరి శబ్దం. ఒక ధోరణి మొత్తం ఒకే రోజు, ఒకే పూట పూర్తి చేయడం మంచిది. మరీ ముఖ్యంగా గమకం వద్దు. సంగీతం నేర్చుకున్న పిల్లలకు ఇదే కష్టం, స్వరం పట్టగానే గొంతు దానంతట అదే ఊగుతుంది. ఆ ఊపును తర్వాత సాఫ్ట్‌వేర్‌లో గీయాలి, మూలశబ్దం నిలకడగా ఉండాలి. ఫ్యాన్ ఆపి, చీరల బీరువా తలుపులు తెరిచి దాని ముందు నిలబడితే గది మోత తగ్గుతుంది. రైలు వెళ్ళేటప్పుడు ఆగక తప్పదు, మీ ఊళ్ళో అది నేను చెప్పక్కర్లేదు.

గొంతు సంగతి: అరగంటకు మించి ఏకబిగిన వద్దు, మధ్యలో నీళ్ళు తాగాలి. గుసగుస తేలిక అనుకుంటారు గానీ, బలవంతంగా చేస్తే గొంతుకు అదీ శ్రమే. జలుబు చేస్తే మానేయాలి. బొంగురు రెండు మూడు వారాలు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

ఇక ఆ బేరం. రికార్డింగులన్నీ ఒకసారి చేతులు మారితే ఆ గొంతుతో ఏం పాడిస్తారో, ఎవరికి అమ్ముతారో మన చేతిలో ఉండదు. బూతు పాట పాడించినా వినేవాళ్ళకు మీ అమ్మాయి గొంతే. తన గొంతును ఏఐతో అనుకరిస్తున్నారని అర్జిత్ సింగ్ అంతటి గాయకుడు కోర్టుకెక్కితే, 2024 జులైలో బాంబే హైకోర్టు అలా వాడొద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. సర్వహక్కులూ ఇచ్చేశామని సంతకం పెట్టాక మనం ఏమని అడుగుతాం? పద్ధతిగా చేసేవాళ్ళూ ఉన్నారు. చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను ఏఐతో వాడుకోవడానికి ఎ.ఆర్. రెహమాన్ వాళ్ళ కుటుంబాల అనుమతి తీసుకుని, డబ్బు కూడా ఇచ్చారు. మీ అమ్మాయికి 18 నిండకపోతే తను చేసుకునే ఒప్పందం చట్టప్రకారం చెల్లదు, అందుకని వాళ్ళు సంతకం మిమ్మల్నే అడుగుతారు. దేనికి వాడతారు, ఎన్నేళ్ళు, ఏఐకి నేర్పడానికి వాడతారా, అమ్మిన ప్రతిసారీ వాటా ఉందా, వద్దనుకుంటే ఆపించవచ్చా? వీటికి రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఆ ఇరవై వేలు వద్దనే చెప్పండి.

చదువు మానడం మాత్రం నాకు ససేమిరా ఇష్టం లేదు. మికుకు గొంతిచ్చిన ఆవిడకు కూడా నటన వేరే వృత్తిగా ఉంది. గొంతు ఇవ్వడం అప్పుడప్పుడూ వచ్చే పని. నిలకడగా దొరికే పని దాని వెనక ఉంది. రికార్డు చేసిన ప్రతి శబ్దంలో హల్లు ఎక్కడ ముగిసింది, అచ్చు ఎక్కడ నిలిచింది అని గుర్తులు పెడతారు, లేబులింగ్ అంటారు. ఫోన్లో తెలుగు మాట్లాడే యంత్రపు గొంతులకైనా, మన మాటను విని అక్షరాలుగా రాసే యంత్రాలకైనా ఇలాంటి చెవే కావాలి. భారతీయ భాషల కోసం కేంద్రప్రభుత్వం పెట్టిన భాషిణి పథకం, ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ పరిశోధన బృందం ఈ దారిలోనే పనిచేస్తున్నాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో స్పీచ్ పరిశోధన ఏళ్ళుగా సాగుతోంది.

ఎంపీసీ చేతిలో ఉంది కాబట్టి ఈఏపీసెట్ రాయించండి. ఈసీఈ తీసుకుంటే సిగ్నల్ ప్రాసెసింగ్, అంటే శబ్దం లాంటి సంకేతాలను లెక్కలతో విడదీసి మలిచే పాఠం వస్తుంది, గదిలో తను చేస్తున్న పనికి లెక్క అదే. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఉంది. అదే ఊళ్ళో 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న మహారాజా సంగీత కళాశాల ఉంది. ఘంటసాల గారు చదివిన చోటు. సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు ఉన్నాయి, బీటెక్‌తో పాటు కుదిరే వేళలు ఉన్నాయేమో వెళ్ళి కనుక్కోండి. ఇంజనీరింగ్ మీద అసలు మనసే లేకపోతే డిగ్రీ చేసి, తర్వాత భాషాశాస్త్రం ఎంఏకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. అది తక్కువ దారేమీ కాదు.

పరీక్షలయ్యే వరకు రికార్డింగు వారానికి ఒక్క రోజు, ఆదివారం పగలు. మిగతా రోజులు పుస్తకం. సెలవుల్లో ఓపెన్‌ఉటావు అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ధోరణితోనే గొంతు పూర్తి చేసి, నాలుగు వరుసల జానపదం పాడించమనండి. ఫైళ్ళు ఎక్కడా అప్‌లోడ్ చేయకుండా తన దగ్గరే పెట్టుకోవాలి. అది పూర్తయ్యాక తన జాబితా కాగితం, ఆ నాలుగు వరుసలు తీసుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి. ఏ కాలేజీ, ఏ బ్రాంచి అన్నది అవి విన్నాక కూర్చుని తేల్చుకుందాం.