వృద్ధులు ఏ సంరక్షణ ఫలితానికి ఎక్కువ విలువ ఇస్తారో ఎలా కొలుస్తారు? నేరుగా అడిగితే చాలదా?

చాలదు, కొన్ని జీవిత పరిస్థితులు ముందు పెట్టి, వాటిలో ఏది అన్నిటికన్నా మేలో, ఏది అన్నిటికన్నా కష్టమో ఎంచుకోమని అడిగి, ఆ ఎంపికల నుంచి విలువలు లెక్కగడతారు.

విడివిడిగా అడిగితే ఎవరైనా అన్నీ ముఖ్యమే అంటారు. భోజనమూ కావాలి, తోడూ కావాలి. కానీ డబ్బు, సిబ్బంది పరిమితంగా ఉన్నప్పుడు ఏది ముందో ఆ జవాబు చెప్పదు. ఒకటి ఎంచుకోక తప్పనప్పుడే అసలు ప్రాధాన్యం బయటపడుతుంది.

బ్రిటన్‌లో పెద్దవయసు వారి కోసం తయారైన ఐస్‌క్యాప్-ఓ అనే కొలమానం చూడండి. అందులో ఐదు అంశాలు: ప్రేమ-స్నేహం, రేపటి గురించి దిగులు లేకపోవడం, తమకు విలువ ఉందనిపించే పనులు చేయగలగడం, ఆనందం, స్వతంత్రత. ఒక్కోదానికి నాలుగు స్థాయిలు. ఒక ప్రశ్నలో "కోరుకున్నంత ప్రేమ, స్నేహం ఉన్నాయి", "కొన్ని విషయాల్లోనే స్వతంత్రంగా ఉండగలను", "రేపటి గురించి చాలా టెన్షన్" లాంటి ఐదు మాటలు ఉంటాయి. అందులో ఉత్తమం ఒకటి, అధ్వానం ఒకటి గుర్తించాలి. 65 ఏళ్లు, ఆపైన వయసున్న వారి ఎంపికలతోనే ఈ విలువలు కట్టారు. అన్నిటికన్నా ఎక్కువ విలువ ప్రేమ-స్నేహానికే దక్కింది. సంరక్షణ అంటే స్నానం, మందులు, భోజనం మాత్రమే అనుకునేవారు దీన్ని తప్పక గమనించాలి.

చాలామంది పొరపడేది ఎక్కడంటే, ఈ అంకెలు ఫలానా అవ్వకు ఏం కావాలో చెప్పేస్తాయనుకుంటారు. ఇవి సగటు విలువలు, సేవలను ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికొస్తాయి. ఆ అవ్వకు ఏం కావాలో ఆవిడనే అడగాలి.