పదహారడుగుల ఫైబర్ బోటుకు ఎంత పిచ్ ప్రొపెల్లర్ సరిపోతుంది?

మీరు భీమిలిలో పాత 16 అడుగుల ఫైబర్ బోటును, దానితోపాటు 25 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే) ఇంజన్‌ను కొన్నారు. ఇద్దరు ఎక్కినప్పుడు బాగానే పరుగెత్తే బోటు, నలుగురు ఎక్కి గాలాలు, ఐసు పెట్టె, అదనపు పెట్రోలు డబ్బా సర్దుకునేసరికి ముక్కు పైకెత్తి, వెనక భాగం నీటిలో కూరుకుపోయి, ఎంత ఇచ్చినా ముందుకు సాగడం లేదని రాశారు. ప్రొపెల్లర్ మీద 9 7/8 × 13 అన్న అంకెలు ఉన్నాయనీ, ఒకరు 14 పిచ్ (అంటే ఆ రెండో అంకె 14 ఉన్న) స్టీలు ప్రొపెల్లర్ వేయమన్నారనీ, మరొకరు నాలుగు రెక్కలది వేయమన్నారనీ, ఎవరి మాట వినాలో చెప్పమనీ అడిగారు.

దయచేసి ఇప్పుడే ఏదీ కొనకండి. ముందుగా ఆ నలుగురితో, ఆ సామానంతటితో, ఇంజన్ పూర్తి వేగంలో ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరుగుతోందో కొలవండి. ఆ ఒక్క అంకె చేతిలో ఉంటే మీ ప్రశ్నకు జవాబు దాదాపు దొరికినట్లే. మీరు రాసిన లక్షణాలను బట్టి 13 పిచ్ మీ బరువుకు ఎక్కువైందని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకంటే ఇదే పొడవు బోటుతో, ఇంతే శక్తి గల ఇంజన్‌తో, విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి గాలం వేటకు వెళ్లే నేను సరిగ్గా ఇదే అవస్థ పడ్డాను.

ఆ రెండు అంకెలలో మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాలలోనే. మరమేకును ఒక చుట్టు తిప్పితే చెక్కలోకి ఎంత దిగుతుందో, అలాగే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ఎంత దూరం ముందుకు పోవాలో చెప్పేది పిచ్. నీరు చెక్కలా గట్టిది కాదు కనుక కొంత జారుడు తప్పదు. తేలికగా నీటి మీదికి లేచి పరుగెత్తే చిన్న బోటులో ఆ జారుడు నూటికి 10 నుంచి 20 వరకు ఉండడం మామూలే. బరువు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. పిచ్ ఎక్కువైతే వేగం ఎక్కువ అన్న మాట రేవులో తరచుగా వినబడుతుంది. అది ఇంజన్‌కు ఆ ప్రొపెల్లర్‌ను తిప్పే శక్తి మిగిలి ఉన్నప్పుడు మాత్రమే నిజం. నిండు బస్తాల బండిని టాప్ గేరులో ఘాట్ ఎక్కించబోతే ఏమవుతుందో, ఎక్కువ పిచ్ వేసిన బరువు బోటులోనూ అదే జరుగుతుంది.

నేను బోటు కొన్నప్పుడు దానికి 11 పిచ్ ప్రొపెల్లర్ ఉండేది. యారాడ వైపు వెళ్లేటప్పుడు మరో బోటు నన్ను దాటిపోయిందన్న పంతంతో 13 పిచ్ తెప్పించి బిగించాను. మా ఇంజన్ పుస్తకంలో పూర్తి వేగంలో 5000 నుంచి 6000 ఆర్‌పీఎం మధ్య తిరగాలని ఉంది. 13 పిచ్‌తో ఇద్దరం వెళ్లినప్పుడు ఇంజన్ 5050 తిరిగి, జీపీఎస్‌లో 20 నాట్ల (నాటు అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) వేగం చూపింది. పాత 11 పిచ్‌తో కూడా ఇద్దరం 20 నాట్లే వెళ్లేవాళ్లం, కాకపోతే అప్పుడు ఇంజన్ 5500 హాయిగా తిరిగేది. అంటే అంత డబ్బు పెట్టి నేను ఒక్క నాటు కూడా సంపాదించలేదు. నలుగురం ఎక్కిన రోజున అసలు సంగతి బయటపడింది. ఇంజన్ మూలుగుతూ 4300కు మించి తిరగలేదు, బోటు 9 నాట్లు దాటలేదు. డాల్ఫిన్ నోస్ దాటాక వచ్చే అలల మీద ముక్కు ఎత్తుకుని, ఎదురుగా ఏముందో కనబడని స్థితిలో ఆ రోజు తిరిగి రావలసి వచ్చింది.

నేను దాన్ని వెంటనే తీసివేయలేదు, ఆ సీజనంతా అలాగే నడిపాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రోజుల్లో బోటు ఒడ్డుకు లాగి ప్లగ్గులు విప్పితే రెండూ మసి పట్టి నల్లగా, తడితడిగా ఉన్నాయి. సిలిండర్ తెరిచిన మేస్త్రి పిస్టన్ తల మీద పేరుకున్న కార్బన్‌ను స్క్రూడ్రైవరు మొనతో గీరి చూపించారు. అది పెచ్చులు పెచ్చులుగా ఊడి అరచేతిలో పడింది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉండి, ఇంజన్ తిరగవలసినంత తిరగలేకపోతే లోపల వేడీ ఒత్తిడీ పెరిగి పిస్టన్‌కు, బేరింగులకు దెబ్బ తగులుతుంది. అందుకే పిచ్ ఎంపికను నేను వేగానికి సంబంధించిన విషయంగా కాక ఇంజన్ ఆయుష్షుకు సంబంధించిన విషయంగా చూస్తాను. పిచ్ మరీ తక్కువైనా ప్రమాదమే. అప్పుడు ఇంజన్ 6000 దాటి అతిగా తిరుగుతుంది.

చివరికి నేను 10 పిచ్‌లో స్థిరపడ్డాను. దానితో నలుగురం ఎక్కితే 5300 ఆర్‌పీఎం, 17 నాట్లు. ఇద్దరమే వెళితే 5800, పందొమ్మిదిన్నర నాట్లు. ఇద్దరమే వెళ్లేటప్పటి వేగంలో అర నాటు పోగొట్టుకుని, నిండు బరువుతో 9 నాట్ల బోటును 17 నాట్ల బోటుగా మార్చుకున్నాను. ఈ బేరంలో నాకు ఎలాంటి సందేహం లేదు. సాధారణంగా ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం వరకు పెరుగుతుందని లెక్క వేసుకోవచ్చు. బోటు నీటి మీదికి లేవలేక కూరుకుపోయి ఉన్న స్థితి నుంచి లేచే స్థితికి వస్తే మాత్రం పెరుగుదల అంతకంటే చాలా ఎక్కువగా కనబడుతుంది.

కొలిచే పద్ధతి కష్టమైనది కాదు. చేత్తో హ్యాండిల్ తిప్పే ఇంజన్లకు చాలావాటికి మీటరు ఉండదు కాబట్టి, ప్లగ్ వైరుకు చుట్టే చిన్న టాకోమీటరు (ఆర్‌పీఎం చూపే మీటరు) కొనండి. మీ ఇంజన్ రకానికి తగిన సెట్టింగు అందులో తప్పక పెట్టండి, లేకపోతే సగమో రెట్టింపో చూపి తప్పుదారి పట్టిస్తుంది. గాలి లేవకముందే, తెల్లవారుజామున, నలుగురితో, సగం పెట్రోలుతో వెళ్లి, ఒకసారి రుషికొండ వైపు, ఒకసారి వెనక్కు భీమిలి వైపు, రెండేసి నిమిషాలు పూర్తి వేగంతో నడిపి, జీపీఎస్ వేగం రాసుకుని సగటు తీయండి. రెండు దిక్కులా నడపమనడానికి కారణముంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మన తీరం వెంట నీరు ఉత్తరానికి బలంగా లాగుతుంది, అక్టోబరు, నవంబరు వచ్చేసరికి అదే నీరు దక్షిణానికి తిరుగుతుంది. ఒక్క దిక్కునే కొలిస్తే ప్రవాహం ఇచ్చిన వేగాన్ని ప్రొపెల్లర్ ఖాతాలో వేసుకుంటారు.

ఆ తరువాత ఆర్‌పీఎంను గేర్ నిష్పత్తితో (ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ తిరిగే చుట్లతో) భాగించి, పిచ్‌తో గుణించి, వచ్చినదాన్ని 1215తో భాగిస్తే జారుడు లేకపోతే రావలసిన వేగం నాట్లలో వస్తుంది. నా ఇంజన్ గేర్ నిష్పత్తి 2.08. కనుక 5300 ఆర్‌పీఎం, 10 పిచ్‌కు 21 నాట్లు రావాలి, జీపీఎస్‌లో వచ్చినవి 17, అంటే జారుడు నూటికి 19. మీకు ఈ అంకె 40, 50 వస్తే పిచ్ ఒక్కటే కారణమని అనుకోకుండా మిగతావి కూడా వెతకాలి.

ఆ మిగతావాటిలో మొదటిది ఇంజన్ ఎత్తు. ప్రొపెల్లర్‌కు పైన ఉండే అడ్డపలక, అందరూ క్యావిటేషన్ ప్లేట్ అనేది, బోటు అడుగు అంచుకు సమంగానో, ఒక అంగుళం కిందికో ఉండాలి. అంతకంటే పైకి ఉంటే మలుపుల్లో, అలల మీద ప్రొపెల్లర్ గాలిని లాగేసుకుని ఉత్తినే గిర్రున తిరుగుతుంది. రెండోది బరువు సర్దుబాటు. ఐసు పెట్టెనూ పెట్రోలు డబ్బానూ వెనక నుంచి తీసి మధ్యకు జరిపి చూడండి, ఇంజన్ వంపు సరిచేసే పిన్నును ఒక రంధ్రం లోపలికి మార్చి చూడండి. ఈ రెంటికీ పైసా ఖర్చు లేదు. నీటిలోనే కట్టి ఉంచే బోటయితే అడుగున గుల్లలు పట్టాయేమో కూడా చూడండి. గుల్లలు పట్టిన అడుగుతో ఏ ప్రొపెల్లరూ న్యాయం చేయలేదు.

పాత బోటు కనుక మరొకటి తప్పకుండా పరీక్షించమని కోరుతున్నాను. ప్రొపెల్లర్ నడుమ, ఇరుసుకూ రెక్కలకూ మధ్య ఒక రబ్బరు బుష్ ఉంటుంది. రెక్క దేనికైనా తగిలినప్పుడు ఆ దెబ్బ గేర్లకు చేరకుండా కాపాడేది అదే. అది పాతబడితే బరువు పడగానే లోపల జారిపోతుంది. ఇంజన్ గట్టిగా అరుస్తుంది గానీ బోటు కదలదు. నాకు ఒకసారి ఈ అనుమానం వచ్చినప్పుడు మా ఆవిడ గోళ్లరంగు తీసుకుని, లోపలి ఇత్తడి గొట్టం మీదుగా, రబ్బరు మీదుగా, బయటి అల్యూమినియం దాకా ఒక సన్నని గీత గీశాను. అరగంట నడిపి వచ్చి విప్పి చూస్తే, ఇత్తడి మీది ముక్క బయటి గీతకు చిటికెన వేలి వెడల్పంత పక్కకు జరిగి ఉంది. కొత్త బుష్ వేయించాను, సమస్య తీరింది. మీ ఇంజన్ మూలుగుతోందా, అరుస్తోందా అన్నదే ఇక్కడ గుర్తు: మూలిగితే పిచ్ ఎక్కువ, అరిస్తే బుష్ జారుడో గాలి లాగడమో.

ఇక 14 పిచ్ స్టీలు సంగతి. 13తోనే లేవలేని బోటుకు 14 వేయడం దాహంతో ఉన్నవాడికి ఉప్పునీరు ఇవ్వడమే, ఆ సలహాను పూర్తిగా పక్కన పెట్టండి. స్టీలు మంచి లోహమే. రెక్కలు పలచగా ఉండి వంగకుండా నిలుస్తాయి, ఇసుకకు త్వరగా అరగవు. అయితే అల్యూమినియం రెక్క రాయికి తగిలితే అదే వంగి గేరును కాపాడుతుంది, స్టీలు రెక్క వంగదు కనుక దెబ్బ లోపలికి పోతుంది. గోస్తని నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేటల మీదుగా రాకపోకలు సాగించే మీకు అల్యూమినియమే మేలని నా అభిప్రాయం. పైగా ఉప్పునీటిలో స్టీలు పక్కన ఉన్న అల్యూమినియం గేర్ కేసింగ్ త్వరగా తినబడుతుంది, కనుక స్టీలు వేసినవారు, కేసింగ్‌కు బదులు తాను తినబడేలా బిగించే జింకు ముక్కను మరింత శ్రద్ధగా చూసుకోవాలి.

నాలుగు రెక్కలు వేయమన్నవారి మాటలో మాత్రం సారం ఉంది. నాలుగు రెక్కలది నీటిని గట్టిగా పట్టుకుంటుంది, బరువుతో త్వరగా లేస్తుంది, వెనక నుంచి కెరటం తోసుకొచ్చేటప్పుడు పట్టు వదలదు. గరిష్ఠ వేగం కొద్దిగా తగ్గుతుంది. అయితే మూడు రెక్కల నుంచి నాలుగుకు మారేటప్పుడు పిచ్ సుమారు ఒక అంగుళం తగ్గించాలన్న సంగతి మరువకూడదు. మీరు 13 పిచ్‌లోనే నాలుగు రెక్కలది కొంటే ఇంజన్ మీద భారం మరింత పెరుగుతుంది. మొదట మూడు రెక్కలలోనే 11గానీ 10గానీ ప్రయత్నించండి. ఎవరి దగ్గరైనా ఒక ఉదయం పూటకు అడిగి తెచ్చుకోగలిగితే ఇంకా మంచిది, కాకపోతే ఇరుసు పళ్ల సంఖ్య మీ ఇంజన్‌కు సరిపోవాలి.

మన పెదజాలారిపేటలో వేట బోట్లకు వేసేది చూసి అదే మీకూ సరిపోతుందని అనుకోకండి. మా మేనమామ బోటు 28 అడుగులు, వలలతో, మనుషులతో నిండా మునిగి నడిచే బోటు. నీటిని చీల్చుకుని పోయే అలాంటి బోటు సహజ వేగం, నీటి గీత దగ్గరి పొడవును అడుగుల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వచ్చే 7 నాట్ల దగ్గరే ఆగుతుంది. దానికి కావలసింది పెద్ద వ్యాసం, చిన్న పిచ్. మీ బోటు నీటి మీద లేచి పరుగెత్తవలసినది, దాని లెక్క వేరు.

ప్రొపెల్లర్ విప్పే ముందు ఇంజన్‌ను న్యూట్రల్‌లో పెట్టి, ప్లగ్ వైర్లు ఊడదీయండి. విప్పాక ఇరుసు మీద వాషరు వెనక తెగిన గాలపు దారం చుట్టుకుని ఉందేమో తప్పక చూడండి. నాకు ఒకసారి అక్కడ వెంట్రుకవాసి దారం పది పదిహేను చుట్లు తిరిగి, వేడికి కరిగి, గేర్లలోకి నీరు రాకుండా ఆపే సీలును కోసేసింది. గేర్ ఆయిల్ వదిలితే పాలు కలిపిన టీ రంగులో దిగింది. ఆయిల్ ఆ రంగులో ఉంటే నీరు చేరినట్టే, కొత్త ప్రొపెల్లర్ కంటే ముందు సీలు మార్పించాలి. తిరిగి బిగించేటప్పుడు ఇరుసుకు గ్రీజు పట్టించి, వాషర్లు విప్పిన వరుసలోనే వేసి, నట్టుకు కొత్త స్ప్లిట్ పిన్ పెట్టండి. మీ పాత 13ను అమ్మేయకుండా, రెండు స్ప్లిట్ పిన్నులు, నట్టుకు సరిపడే స్పానరుతో కలిపి గోనెసంచిలో చుట్టి బోటు ముందు పెట్టెలో ఉంచండి. రెక్క విరిగిన రోజున ఒడ్డు చేరడానికి అది చాలు.