కాలనీ సంఘం కార్యదర్శి అయిన కిరణ్‌కు

చి. కిరణ్‌కు పెదనాన్న ఆశీస్సులతో రాయునది. ఉభయకుశలోపరి.

మీ కాలనీ సంఘానికి నిన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఉద్యోగం, చిన్నపిల్ల, రోజూ గంటల ప్రయాణం ఉండి కూడా నువ్వు ఈ బాధ్యత ఒప్పుకున్నందుకు నాకు నిజంగా గర్వంగా ఉంది. నువ్వు పంపిన అర్జీ చిత్తుప్రతి చదివాను. గుంతల రోడ్డు, పొంగే మురుగు, మూలమలుపులో చెత్త, వెలగని దీపాలు, దోమలు, కుక్కలు, నాలా మీద కట్టిన మెట్లు, అన్నీ ఒకే కాగితం మీద రాశావు. అందరి సంతకాలూ పెట్టించి కమిషనర్‌కు ఇస్తామంటున్నావు.

ఆ అర్జీ ఇవ్వకు. ఉద్యోగమంతా మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగంలో చేసి, అటువంటి కాగితాలను బల్లకు అవతలివైపు కూర్చుని చదివినవాణ్ని కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను. ఏడు సమస్యలున్న కాగితం ఏడు సెక్షన్లకు వెళ్లాలి. దాన్ని ఏడు నకళ్లు తీసి పంపే తీరిక ఏ గుమాస్తాకూ ఉండదు. మొదటి సమస్య ఎవరిదో చూసి వాళ్లకు మార్క్ చేస్తాడు. వాళ్లు తమకు సంబంధించిన ఒక్క వాక్యానికి జవాబు రాస్తారు, ఫైలు ముగిసిపోతుంది. మిగిలిన ఆరూ ఎవరి లెక్కలోకీ రావు. ఒక కాగితానికి ఒక సమస్య, ఒక చోటు, ఒక తేదీ. ఇది పట్టుకుంటే నీ పని సగం తేలికవుతుంది.

ముందుగా మూడో వీధి మలుపులో పొంగే మ్యాన్‌హోల్ పట్టుకో. మీ కాలనీలో అందరినీ బాధించేది అదే. అయితే ఫిర్యాదు రాయడానికి ముందు ఒక వారం దాన్ని గమనించు. వాన లేని రోజుల్లో కూడా పొంగుతోందా? ఇళ్లలో స్నానాలు, బట్టలు, గిన్నెలు అన్నీ ఒకేసారి జరిగే ఉదయం వేళ నల్లటి నీళ్లు పైకి వస్తుంటే లైనులో ఎక్కడో అడ్డు పడిందన్నమాట. అది హైదరాబాద్ మంచినీటి, మురుగు బోర్డు అయిన జలమండలి పని. వాన పడినప్పుడు మాత్రమే పొంగుతుంటే కథ వేరు. అప్పుడు నువ్వు చూడవలసింది మ్యాన్‌హోల్‌ను కాదు, ప్రతి ఇంటి డాబా మీది నుంచి కిందికి దిగే గొట్టాన్ని. అది ఎక్కడ ఆగుతోందో వీధంతా తిరిగి చూడు. చాలా ఇళ్లలో అది తిన్నగా ఇంటి ముందున్న మురుగు ఛాంబరులోకి దిగుతుంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీకి అదే సులువు, ఇంటివాళ్లు అడగరు.

దాని ఫలితమేమిటో లెక్క వేసి చూపిస్తాను. 200 చదరపు గజాల డాబా మీద గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే 8,000 లీటర్లు దాటుతాయి. మనిషి రోజుకు 135 లీటర్ల నీళ్లు వాడతాడన్న లెక్క మీద మురుగు లైన్లు వేస్తారు. అంటే అయిదుగురున్న ఇల్లు పన్నెండు రోజుల్లో వాడే నీళ్లు ఒక్క గంటలో గొట్టంలోకి దిగుతున్నాయి. వీధిలో ముప్పై ఇళ్లు అదే పని చేస్తే ఏ గొట్టం ఆగుతుంది? పల్లంలో ఉన్న మూత లేస్తుంది, పల్లంలో ఉన్న ఇంట్లోకి మురుగు వెనక్కి తన్నుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఈ నగరాన్ని ముంచిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన వరదను ఆపే జలాశయాల గురించే కాక నగరానికి మురుగు పారుదల గురించి కూడా ఆలోచించి ప్రణాళిక ఇచ్చారు. వాననీటికి ఒక దారి, మురుగుకు ఒక దారి అన్నది పాత పాఠమే. దాన్ని మన ఇంటి గేటు లోపలే చెరిపేస్తున్నాం.

కాబట్టి మొదటి పని ఆఫీసులో లేదు, మీ వీధిలోనే ఉంది. సంఘం సమావేశం పెట్టి ఈ లెక్క చెప్పు. డాబా గొట్టాలను ఛాంబరు నుంచి తప్పించి, చోటున్నవాళ్లు ఇంకుడుగుంతలోకి, లేనివాళ్లు వాననీటి కాలువలోకి మళ్లించేలా చూడు. మేస్త్రీని, ప్లంబరును సంఘం తరఫున ఒకేసారి మాట్లాడితే ఖర్చు తగ్గుతుంది. కొందరు వెంటనే ఒప్పుకుంటారు, కొందరు పక్కవాడు చేస్తే చేస్తామంటారు. ముందు సంఘం పెద్దల ఇళ్లలో మొదలుపెట్టు. నీ ఇంటితో మొదలుపెడితే ఇంకా మంచిది. ఇళ్ల వైపు సరిచేసుకున్నాక కూడా మ్యాన్‌హోల్ పొంగితే అప్పుడు అధికారి ముందు నీ మాటకు ఉండే బరువు వేరు.

వాన కురుస్తుంటే నీళ్లు తొందరగా పోవాలని మ్యాన్‌హోల్ మూత తీసే అలవాటు మీ దగ్గర కూడా ఉందన్నావు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకు. ఎవరు తీసినా అక్కడికక్కడే ఆపు. మోకాలి లోతు నీళ్లలో తెరిచిన మూత కనపడదు. బడి నుంచి వచ్చే పిల్లలు, చీకట్లో ఇంటికి నడిచేవాళ్లు అందులో పడితే దొరికే అవకాశం లేదు. పైగా రోడ్డు మీది మట్టి, ప్లాస్టిక్ అంతా లైనులోకి దిగి మర్నాటి నుంచి వాన లేకుండానే పొంగుతుంది.

ఇక ఏది ఎవరి పనో తెలుసుకో. మంచినీళ్లు, మురుగు లైన్లు జలమండలివి. 155313కు ఫోను చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. మీ నీటి బిల్లు మీద ఉండే క్యాన్ నంబరు, అంటే వినియోగదారు ఖాతా నంబరు, చేతిలో ఉంచుకో, అడుగుతారు. అక్కడ మీ సెక్షన్‌కు బాధ్యుడైన అధికారిని మేనేజర్ అంటారు. ఆయన పైన డీజీఎం, ఆ పైన జీఎం. లోపలి రోడ్లు, వాననీటి కాలువలు, చెత్త, వీధి దీపాలు, దోమలు జీహెచ్‌ఎంసీ వంటి నగరపాలక సంస్థల పని. రోడ్డు, కాలువ అయితే ఇంజనీరింగ్ విభాగంలోని ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు. చెత్త అయితే శానిటేషన్ సిబ్బంది. దోమలకు ఎంటమాలజీ విభాగం వేరే ఉంది. వీధి దీపం వెలగకపోతే నగరపాలక సంస్థకు చెప్పాలి కాని, స్తంభం ఒరిగినా, తీగ వేలాడినా విద్యుత్ సంస్థకు 1912 నంబరుకు ఫోను చేసి చెప్పాలి. చెరువు, నాలా ఆక్రమణల సంగతి చూడటానికి 2024లో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. నగరం 2007లో పన్నెండు మున్సిపాలిటీలను, ఎనిమిది పంచాయతీలను కలుపుకున్నప్పటి నుంచి హద్దులు, సర్కిళ్లు మారుతూనే ఉన్నాయి. అందుకని మీ వీధి ఇప్పుడు ఏ వార్డు, ఏ సర్కిల్ కిందికి వస్తుందో సర్కిల్ ఆఫీసులో అడిగి రాసిపెట్టుకో. తప్పు ఆఫీసుకు ఇచ్చిన మంచి అర్జీ వల్ల కాలం వృథా తప్ప ఫలితం ఉండదు.

అర్జీ ఎలా రాయాలంటే ఇలా: "మూడో వీధిలో ఫలానా ఇంటి ఎదుట ఉన్న మ్యాన్‌హోల్ ఈ నెల 4, 9, 11 తేదీల్లో వాన లేకుండానే ఉదయం 7 గంటలకు పొంగింది. మురుగు అంగన్‌వాడీ గేటు దాకా పారుతోంది. ఎగువ మ్యాన్‌హోల్ నిండి ఉంది, దిగువది ఖాళీగా ఉంది. ఈ రెండింటి మధ్య లైనును యంత్రంతో శుభ్రం చేయించగలరు." ఇంతే. "ప్రజలు నానా అవస్థలు పడుతున్నా పట్టించుకునే నాథుడే లేడు" వంటి వాక్యాలు వద్దు. అవి నిజమే కావచ్చు, కాని వాటిని చదివి అధికారి ఏ ఆర్డరూ వేయలేడు. ఎగువది నిండి దిగువది ఖాళీగా ఉందంటే అడ్డు ఆ రెండింటి మధ్యే ఉందని చదవగానే తెలుస్తుంది. యంత్రం వచ్చినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కరలేదు. అవి నిండాయో లేదో చూడటానికి నువ్వు మూతలు తెరవకు, లైన్‌మన్ వచ్చినప్పుడు అడిగి రాసుకో.

అర్జీ రెండు ప్రతులు తీసుకువెళ్లు. నీ ప్రతి మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోకుండా బయటికి రాకు. ఫోనులో చేసిన ఫిర్యాదుకు వచ్చే నంబరు కూడా అంతే ముఖ్యం. సంఘానికి ఒక పుస్తకం పెట్టి తేదీ, నంబరు, ఎవరితో మాట్లాడావు, ఏమన్నారు అనేవి రాస్తూ ఉండు. నువ్వు దిగిపోయి ఇంకొకరు కార్యదర్శి అయినా ఆ పుస్తకం ఉంటుంది. పని జరగకుండానే ఫిర్యాదు ముగిసినట్టు సందేశం వస్తే ఆ రోజే ఫోటో తీసి, పాత నంబరు వేసి, పైఅధికారికి రాయి. అధికారులు జనం అర్జీలు నేరుగా తీసుకునే సోమవారం ప్రజావాణిలో కూడా ఇచ్చుకోవచ్చు. కార్పొరేటర్ ఉంటే ఆయనకూ ఒక ప్రతి ఇవ్వు. అయితే ఒక పార్టీ వాళ్ల వెంట తిరిగే సంఘమని పేరు తెచ్చుకోకు, ఎన్నికల తరువాత ఆ పేరే అడ్డమవుతుంది.

కొత్తగా వేసిన మీ సిమెంటు రోడ్డు ఏడాదికే పెచ్చులూడిందని రాశావు. దానికి సమాచార హక్కు దరఖాస్తే దారి. 2005 చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఎస్టిమేట్, వర్క్ ఆర్డర్, ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు అడుగు. కాంట్రాక్టరు తన ఖర్చుతో మరమ్మతు చేయవలసిన గడువు ఎప్పటిదాకా ఉందో కూడా అడుగు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అదే ఆఫీసులో మొదటి అప్పీలు అధికారి ఉంటాడు. "రోడ్డు ఎందుకు పాడైంది" అని అడగవద్దు, ఆ చట్టం కింద వచ్చేది రికార్డులో ఉన్నదే. ఎం.బుక్‌లో ఆరు అంగుళాల మందమని రాసి ఉండి, విరిగిన అంచు దగ్గర కొలిస్తే నాలుగే ఉంటే, ఆ ఫోటో ఒక్కటి చాలు.

చెత్త సంగతికి వస్తే, మూలమలుపులో కుప్ప పోస్తున్నది బయటివాళ్లని మీవాళ్లు అంటున్నారు. నా అనుభవంలో అందులో సగం ఆ వీధిదే ఉంటుంది. స్వచ్ఛ ఆటో వచ్చే వేళకు ఇంట్లో ఎవరూ ఉండరు, రాత్రి నడకకు వెళుతూ కవరు విసిరేస్తారు. తిట్టి లాభం లేదు. ఆటో అతనితో కూర్చుని వేళ మాట్లాడుకో. ఉదయాన్నే వెళ్లిపోయే ఇళ్ల బుట్టలు వాచ్‌మన్ దగ్గర గాని, ఎదురింటి వాళ్ల దగ్గర గాని ఉండేటట్టు చూడు. కుప్ప తీయించిన రోజే ఆ చోట కడిగించి ముగ్గు వేయించండి, దీపం పెట్టించండి. ఒక్కరోజు ఆలస్యమైనా మళ్లీ కుప్ప మొదలవుతుంది. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైనవి విడిగా ఇవ్వాలని 2016 నియమాల నుంచి ఉంది. అవన్నీ ఒకే కవరులో కట్టి ఇస్తే ఆటో దగ్గర ఒక మనిషి చేతులతో విప్పి ఏరుతున్నాడు. పగిలిన గాజు, వాడిన సూదులు, శానిటరీ ప్యాడ్లు ఆ చేతులకు తగులుతాయి. గాజును మందపాటి కాగితంలో చుట్టి పైన రాసి ఇవ్వమని ప్రతి ఇంటికీ చెప్పు. ఎండాకాలంలో వాళ్లకు సంఘం గది దగ్గర చల్లటి నీళ్లు పెట్టించు.

దోమల కోసం ఫాగింగ్ ఫాగింగ్ అని ఒత్తిడి చేయకు. డెంగీ దోమ మురుగులో కాదు, మన కూలర్లలో, పూలకుండీల పళ్లాల్లో, మూతలేని ట్యాంకుల్లో ఉన్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. వారానికి ఒకరోజు అవన్నీ ఒంపి ఆరబెట్టడమే మందు. మలేరియా పరాన్నజీవి దోమ లోపల ఉంటుందని 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే.

నాలా మీద మెట్లు, ర్యాంపులు కట్టినవాళ్ల గురించి నువ్వు భయపడుతున్నావు. ఇది కష్టమే, ఎందుకంటే వాళ్లు నీ పొరుగువాళ్లు. నోటీసు ఇప్పించడానికి ముందు ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లు. ర్యాంపు మొత్తం తీసేయమనకు. కింద కాలువ శుభ్రం చేయడానికి వీలుగా మధ్యలో తీసి పెట్టే పలకలు వేసుకోమను. చాలామంది దానికి ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లు ఒకరో ఇద్దరో మిగిలితే అప్పుడు చట్టం సంగతి చూడవచ్చు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు ఎన్ని కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయో వాళ్లకూ గుర్తుండే ఉంటుంది.

ఒకటి మాత్రం మరచిపోకు. మురుగు లైనులోకి గాని, సెప్టిక్ ట్యాంకులోకి గాని మనిషిని దింపనివ్వద్దు. యంత్రం ఆలస్యమవుతోందని, తక్కువ డబ్బుకు వస్తున్నాడని సంఘం సభ్యులెవరైనా బయటి మనిషిని పిలిపించవచ్చు. మనుషుల చేత మలం, మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా దింపడం నేరం, ప్రభుత్వ సంస్థ దింపినా ఇంటివాళ్లు దింపినా నేరమే. అలా చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. డబ్బు మాట అటుంచు. లోపలి విషవాయువుకు మొదటివాడు పడిపోతే అతన్ని లాగడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. ఉద్యోగంలో ఉండగా అటువంటి ఇళ్లకు వెళ్లవలసి వచ్చింది. మ్యాన్‌హోల్ ఇంకో పది రోజులు పొంగినా ఫర్వాలేదు, యంత్రం వచ్చేదాకా ఆగండి.

జూన్‌లో వానలు మొదలవుతాయి, నీకు ఎక్కువ వ్యవధి లేదు. డాబా గొట్టాల లెక్క ఈ ఆదివారమే తీయండి. వాననీటి కాలువలో పూడిక తీయమని ఏఈకి విడిగా రాయి. తీసిన మట్టిని కాలువ గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకే మళ్లీ లోపలికి జారుతుంది, కాబట్టి ఎత్తించి తీసుకుపోవాలని అర్జీలోనే రాయి. ఎత్తించేదాకా వెంటపడు. సభ్యుల ఆస్తిపన్ను బకాయిలు లేకుండా చూసుకో. అర్జీ చిత్తుప్రతి తిరగరాసి పంపితే చూసి పెడతాను. ఏఈ ఏమన్నాడో ఫోను చేసి చెప్పు.

అమ్మాయికి, పాపకు మా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
నీ పెదనాన్న