డావిన్చీ రిజాల్వ్‌లో డప్పు దెబ్బ ఒకచోట, చప్పుడు ఒకచోట

ఫోన్‌లో తీసిన మీ లాల్ దర్వాజా బోనాల క్లిప్‌ను వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో వేస్తే, మొదట్లో బాగానే ఉండి పోనుపోను ఆడియో జారుతోందంటే, కారణం దాదాపుగా వేరియబుల్ ఫ్రేమ్‌రేట్. ఫోన్ వెలుతురును బట్టి, వేడిని బట్టి సెకనుకు తీసే ఫ్రేములు మారుస్తుంది. రిజాల్వ్‌ మాత్రం అన్నీ సమానమనుకుంటుంది. (మొదటి నుంచీ ఒకే తేడా ఉంటే ఇది కాదు, ఆడియోను కాస్త జరిపితే చాలు.)

1. ఫైల్‌ను మీడియాఇన్ఫోలో (ఫైల్ వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరవండి. ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని ఉందా చూడండి.

2. ఉంటే, ఫైల్‌ను హ్యాండ్‌బ్రేక్‌లో (వీడియోను మార్చే సాఫ్ట్‌వేర్) తెరిచి, వీడియో ట్యాబ్‌కి వెళ్లి ఫ్రేమ్‌రేట్ 30 పెట్టండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కిందే పీక్ ఫ్రేమ్‌రేట్ అని టిక్ అయి ఉంటుంది. అలాగే వదిలేస్తే 30 గరిష్ఠ పరిమితి మాత్రమే, ఫైల్ మళ్లీ వేరియబుల్‌గానే వస్తుంది. కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ నొక్కాలి.

3. అక్కడే క్వాలిటీ ఆర్‌ఎఫ్ 18 పెట్టి (ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది) కొత్త ఫైల్ తయారు చేయండి. సైజు పెరుగుతుంది, పెరగనివ్వండి.

4. రిజాల్వ్‌లో కొత్త ప్రాజెక్ట్. ఆ కొత్త ఫైల్ వేయకముందే టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ 30 చేయండి, తర్వాత మార్చనివ్వదు.

పాత కట్స్ మీద కొత్త ఫైల్ అతికించకండి, ఫ్రేములు కలవవు. చివరి నిమిషం ప్లే చేసి చూడండి, తేడా ఉంటే అక్కడే తెలుస్తుంది.